అత్త కాదు, పిన్ని

ఝాన్సీలక్ష్మికి కాలు ఒకచోట నిలిచేది కాదు. తెనాలిలో ఉంటే రేపల్లె వెళ్ళాలనిపించేది. రేపల్లెలో దిగితే బాపట్ల వెళ్ళి సారును కలవాలనిపించేది. బాపట్లలో సారు ముందు కూర్చుంటే ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకోవాలనిపించేది. 1974 వేసవంతా ఆ మూడు స్టేషన్ల మధ్యే గడిచిపోయింది. ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికినా కుదురుగా కూర్చోక తలుపు దగ్గర నిలబడేది. చూసినవాళ్ళు ఈ పిల్లకేదో పెద్ద కష్టం వచ్చిపడిందనుకునేవారు. వచ్చిన కష్టమల్లా చదువు.

అదీ మామూలు చదువు కాదు. యూనివర్సిటీ వాళ్ళలో ఎవరికి బుద్ధిపుట్టిందో గాని, కొత్తగా ఒక ఐదేళ్ళ కోర్సు పెట్టారు. సోషియాలజీలో బి.ఏ., ఎం.ఏ. రెండూ కలిపి. మూడేళ్ళకొక పట్టా, ఆపైన రెండేళ్ళకు ఇంకొక పట్టా అనే పాత పద్ధతి కాదిది. చివరిదాకా నిలబడితే రెండూ ఒకేసారి చేతిలో పెడతారు. మధ్యలో దిగిపోతే ఒక్కటీ ఇవ్వరు. ఆఖరి ఏడు ఏదో ఒక ఊరు పట్టుకుని, అక్కడి మనుషుల్లో తిరిగి, సొంతంగా ఒక పరిశోధన వ్యాసం రాయాలి. అది కుదరకపోతే అన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే, ఝాన్సీ ఎప్పటికీ పి.యు.సి. పాసైన అమ్మాయిగానే మిగిలిపోతుంది. జై ఆంధ్ర ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఐదేళ్ళు కాస్తా ఆరేళ్ళయ్యాయి కూడాను.

ఆమె తండ్రి జగన్నాథరావుది తెనాలి పక్కనున్న అంగలకుదురు. మాగాణి ఉన్న రైతు, నలుగురిలో మాట చెల్లే మనిషి. తెనాలి బజార్లో ఎవరైనా "మీ అమ్మాయి ఏం చదువుతోందండి" అంటే మొదట్లో ఛాతీ విరుచుకుని "సోషియాలజీ" అనేవాడు. "ఓహో, సోషల్ టీచరమ్మ అవుతుందన్నమాట" అనేవారు అవతలివాళ్ళు. కాదని చెప్పేవాడేగాని మరి ఏమవుతుందో ఆయనకూ తెలియదు. మూడో ఏడు కాగానే బి.ఏ. వచ్చేస్తుందని బంధువులందరికీ చాటుకున్నాడు. రాలేదు. ఇది కలిపి ఇచ్చే పట్టా అని ఆయన ఎంత విడమరిచి చెబితే బంధువులకు అంత అనుమానం పెరిగింది. "పోనీలెండి, పిల్లలన్నాక తప్పుతారు, మళ్ళీ కట్టిద్దాం" అని ఓదార్చారు. అప్పటినుంచి ఎవరడిగినా "చదువుతోంది లెండి" అని పంట మీదికి మాట తిప్పేసేవాడు.

తండ్రి మొహం చూసినప్పుడల్లా ఝాన్సీకి ఒళ్ళు మండేది. ఆయన మీద కాదు, ఆ కోర్సు మీద. ఈ వ్యాసం ఎలాగైనా పూర్తి చేసి ఆ రెండు పట్టాలూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. అప్పుడుగాని తనకు నిద్ర పట్టదు.

వ్యాసానికి ఆమె ఎంచుకున్న విషయం వరసలు. అంటే ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఆ పిలుపు వెనక ఏముంటుంది అని. రేపల్లెకు దిగువన, బస్సు దిగి కాలవ గట్టెంట నడిస్తే, సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ పల్లె ఒకటుంది. దానికొక పేరుంది గాని అందరూ పాలెం అనే అంటారు. అక్కడికి వెళ్ళిన మొదటి రోజు ఆమెను పలకరించింది పేరమ్మ. ఎండు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తెనాలిదాకా వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

"ఎవురమ్మా నువ్వు, ఏం గావాల?"

"మీ పాలెంలో ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుందామని వచ్చానండి."

"రాసుకుని ఏం జేస్తావు?"

"ఎం.ఏ. ఇస్తారండి."

పేరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "మా ఇళ్ళల్లో ఎవురికెవురు ఏమవుతారో చెప్తే నీకు ఎమ్మే ఇస్తారా. అట్టాగైతే నాకెన్ని ఇయ్యాల. సర్లే, ముందు నన్నేమని పిలుస్తావో చెప్పు. పిలుపు లేని మనిషితో నేను మాట్టాడలేను."

ఝాన్సీ ఆలోచించలేదు. వాళ్ళ వీధిలో పెద్దవాళ్ళను పిలిచే అలవాటుకొద్దీ "అత్తా" అనేసింది.

ఆ ఒక్క మాటతో పాలెమంతా తన తన చోట సర్దుకుంది. పేరమ్మ అత్తయితే ఆమె మొగుడు సింగరయ్య మామ. ఆమె అన్న నాంచారయ్య పెదనాన్న. ఆమె కొడుకు వీరాంజనేయులు బావ. సాయంత్రానికల్లా అందరూ వాళ్ళ వాళ్ళ వరసలు లెక్కగట్టుకుని పిలవడం మొదలెట్టారు. పేరమ్మ అయితే "కోడలా, కాళ్ళు కడుక్కో. కోడలా, అన్నం తిన్నావా" అంటూ ఊపిరి తిప్పుకోనిచ్చేది కాదు. ఝాన్సీకి మొదట్లో ముచ్చటేసింది. పుస్తకంలో చదివింది కళ్ళముందు జరుగుతుంటే ఎవరికి మాత్రం ముచ్చట వెయ్యదు.

చిక్కల్లా ఏంటంటే బావ వరస ఉన్నచోట ఎగతాళి కూడా ఉంటుంది. ఝాన్సీ ఏ ఇంటి ముందు కూర్చుని ప్రశ్న అడిగినా ఆడవాళ్ళు సూటిగా చెప్పేవారు కాదు. "మాకేం తెలుసు, మీ బావనడుగు" అనేవారు. "ఎన్నాళ్ళు రాస్తావు, మా ఈరాంజినేలు వల అల్లడం మానేసి నీ కలం వంకే జూత్తన్నాడు" అనేవారు. నిజానికి వీరాంజనేయులు ఆమె వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. ఆరడుగుల మనిషి, ఆడవాళ్ళు నవ్వితే చెవులెర్రబడి వల భుజానేసుకుని ఒడ్డు వైపు వెళ్ళిపోయేవాడు. ఎప్పుడన్నా ఎదురుపడితే "మరదలా, ఇసకలో చెప్పులు జాగర్త" అని తలొంచుకుని చెప్పేవాడు. అంతే. ఇలా నవ్వులతోనే నెలలు గడిచాయిగాని వంశవృక్షాల్లో సగం ఇళ్ళు ఖాళీగా ఉండిపోయాయి.

వ్యాసానికి మార్గదర్శి వెంకట్రామయ్య సారు. సెలవుల్లో బాపట్లలో సొంతింట్లో ఉండేవారు. ఝాన్సీ పట్టుకెళ్ళిన కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టారు.

"సగం ఖాళీలేనమ్మా. జూలైలో ఇచ్చెయ్యాలి. ఇలా ఇస్తే నేను సంతకం పెట్టను, పెట్టినా బయటినుంచి వచ్చే పరీక్షకుడు ఒప్పుకోడు."

"వాళ్ళు సరిగ్గా చెప్పడం లేదండి. అన్నిటికీ నవ్వుతారు."

"అసలు అక్కడ నువ్వెవరివి?"

"కోడలినండి" అనేసి నాలిక్కరుచుకుంది ఝాన్సీ.

సారు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు. "పరిశోధన చేసేవాళ్ళు దూరంగా ఉండి చూడాలమ్మా. నువ్వు వాళ్ళ చుట్టరికంలోకి దిగబడిపోయి కూర్చుంటే ఇంక నీకు కనపడేదేంటి? ఆ వరసేదో సరిచేసుకో. లేకపోతే ఈ ఏడు ఆశ వదులుకో."

బాపట్ల నుంచి తెనాలి వచ్చేదాకా ఆమె రైల్లో కూర్చోలేదు. దిగేసరికి ప్లాట్‌ఫారం మీద తండ్రి ఉన్నాడు, గుంటూరు వెళ్ళే బంధువు యలమందను బండెక్కించడానికి వచ్చాడు. ఝాన్సీ ఇద్దరికీ నమస్కారం పెడుతుండగానే అవతల రేపల్లె బండి దగ్గర్నుంచి కేక వినిపించింది.

"ఒసే కోడలా, ఎప్పుడొత్తన్నావే పాలేనికి? మీ బావ కొత్త వల అల్లాడు, నువ్వొచ్చి చూడాల."

పేరమ్మ. నెత్తిన ఎండు చేపల బుట్ట. ప్లాట్‌ఫారంలో సగం మంది తిరిగి చూశారు. యలమంద ముందు బుట్టను చూసి, ఆ తర్వాత ఝాన్సీని చూసి, ఆఖరున జగన్నాథరావును చూశాడు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఝాన్సీ పేరమ్మకు చెయ్యి ఊపినట్టూ ఊపనట్టూ ఊపి చీర కొంగు సర్దుకుంది.

ఇద్దరూ రిక్షాలో ఇంటికి చేరారు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ తండ్రి అడిగాడు. "ఇంక ఎన్నాళ్ళమ్మా ఈ చదువు?"

"జూలైతో అయిపోతుంది నాన్నా."

"అయిపోనియ్యి తల్లీ. అయిపోతే చాలు."

ఆయన తిట్టి ఉంటే ఝాన్సీ ఎదురు తిట్టి ఉండేది. అలా మెత్తగా అనేసరికి ఏడుపొచ్చింది.

మర్నాడు పాలెం వెళ్ళీ వెళ్ళగానే పేరమ్మ ఇంటి ముందు నిలబడి, రైల్లో వల్లెవేసుకుంటూ వచ్చిన మాట పైకి అనేసింది. "పిన్నీ, మంచినీళ్ళివ్వు."

పేరమ్మ చేప తోముతున్న చెయ్యి ఆగింది. "ఏమన్నావు?"

"పిన్నీ అన్నాను. ఇకనించి అలాగే పిలుస్తాను."

చెప్పడం ఎంత తేలికైపోయిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. అత్త కాస్తా పిన్నయితే బావ అన్నయిపోతాడు. అన్న వరస వాణ్ణి పెట్టి ఎవరూ ఎగతాళి చెయ్యరు. నవ్వులు ఆగుతాయి, జవాబులు వస్తాయి, ప్లాట్‌ఫారం మీద కోడలా అనే పిలుపూ ఉండదు. కాగితం మీద చూసుకుంటే లెక్క బ్రహ్మాండంగా కుదిరింది.

పాలెంలో మాత్రం కుదరలేదు. అక్కడ వరస మార్చడమంటే చొక్కా మార్చుకున్నంత తేలిక కాదు. రెండిళ్ళ మధ్య పెద్ద తగాదా వస్తేనో, ఖాయం చేసుకున్న పిల్లను కాదంటేనో తప్ప వరస మారదు. ఒక్కరోజులో ఈ వార్త అన్ని ఇళ్ళకూ పాకింది. సింగరయ్య మామ నుంచి బాబాయి అయ్యాడు. నాంచారయ్య పెదనాన్న నుంచి మేనమామ అయ్యాడు. "రేపు ఇంకేం జేత్తావు అమ్మాయా, నన్ను తమ్ముడంటావా?" అని నాంచారయ్య అడిగితే ఎవరూ నవ్వలేదు. ఎవరింటికెళ్ళినా "ఇప్పుడు నిన్నేమని పిలవాల" అనే ప్రశ్న దగ్గరే మాట ఆగిపోయింది.

చివరికి పేరమ్మే తేల్చింది. ముంత నిండా మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"నీకట్టా ఇష్టమైతే పిన్నంటే పిన్నే. మా ఓడికి నేను జెప్తాలే. కానీ ఇను. బావంటే ఊరికే నవ్వులాట. నువ్వు నవ్వినా నవ్వకపోయినా ఏం గాదు. అన్నంటే అట్టా గాదు. దానికి పని ఉంటది. ఆడు చెయ్యాల్సింది ఆడు చేత్తాడు, నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యాల."

"అలాగే పిన్నీ" అంది ఝాన్సీ. మనసు మాత్రం జూలై మీద ఉంది.

పేరమ్మ మాట మీద ఆడవాళ్ళు మెల్లగా నోరు విప్పసాగారు. రెండు మూడు ఇళ్ళు పూర్తయ్యాయి. ఇంతలో గాలి మారి వేటకు పడవలు కదలడంతో మగవాళ్ళు దొరక్క ఝాన్సీ నాలుగు రోజులు ఇంటికొచ్చింది.

పాలెంవాళ్ళలో ఒక ఆచారముంది. కొత్త వల వేసినప్పుడు మొదటి పాటులో, అంటే తొలిసారి లాగినప్పుడు, పడిన మంచి చేప ఆడపడుచు ఇంటికి వెళ్ళాలి. అక్కచెల్లెళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా అన్నదమ్ములు మోసుకెళ్ళి ఇవ్వాలి. అది ఆడపడుచు తిన్నాకే వల కలిసొస్తుందని నమ్మకం. ఈ సంగతి ఝాన్సీ తన వ్యాసంలో రెండో అధ్యాయంలో చక్కగా రాసింది కూడా.

ఆ రోజు అంగలకుదురులో వసారా నిండా మనుషులున్నారు. గుంటూరు నుంచి తిరుగుప్రయాణంలో యలమంద దిగాడు, ఆయనతో ఇంకెవరో పెద్దమనుషులు. ఎదురు కుర్చీలో జగన్నాథరావు. తల్లి సరోజిని కాఫీలు ఇస్తోంది. ఝాన్సీ గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు వచ్చాడు వీరాంజనేయులు. ఉతికిన చొక్కా, తలకు నూనె, చేతిలో తడిగుడ్డ కప్పిన తాటాకు బుట్ట. తెనాలిలో బండి దిగి ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గేటు తీసుకుని లోపలికి వచ్చి, ఝాన్సీని చూసి, మొదటిసారి మొహమంతా విప్పి నవ్వాడు. బావ అయినన్నాళ్ళూ సిగ్గుతో తలెత్తని మనిషి, అన్నయ్యేసరికి హాయిగా నవ్వగలిగాడు.

"ఎవరమ్మా అతను?" అన్నాడు జగన్నాథరావు.

వీరాంజనేయులు తనంతట తాను చెప్పలేదు. చెప్పడం చెల్లెలి పని. ఆమె వంక చూస్తూ నిలబడ్డాడు. యలమంద కూడా కాఫీ గ్లాసు పట్టుకుని ఆమె వంకే చూస్తున్నాడు, ప్లాట్‌ఫారం సంగతి ఆయన మరిచిపోలేదు. మా అన్న అనాలి. రెండు ముక్కలు. ఝాన్సీ నోరు తెరిచింది.

"చేపలతను నాన్నా. పాలెం నుంచి."

వీరాంజనేయులు నవ్వు వెంటనే పోలేదు. ఆ మాట ఎవరి గురించో అర్థం కానట్టు కాసేపు అలాగే ఉండి, ఆ తర్వాత పోయింది.

"ఇటు కాదబ్బాయ్, దొడ్డివైపు నుంచి రా. తొట్టి దగ్గర పెట్టు" అంది సరోజిని. ఆమెకేం తెలుసు, మాట కూడా మెత్తగానే అంది. అతను తలూపి, ఇంటి పక్కగా తిరిగి వెనక్కి వెళ్ళాడు. ఝాన్సీ వంటింట్లోంచి దొడ్లోకి పరిగెత్తింది. బుట్ట తొట్టి పక్కన పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. తడిగుడ్డ కింద పెద్ద పండుగప్ప, మొప్పలింకా ఎర్రగా ఉన్నాయి.

"అన్నం తిని వెళ్ళు" అంది. ఏమని పిలవాలో తెలిసీ పిలవలేకపోయింది. వసారాలోకి వినపడుతుందేమోనని గొంతు కూడా తగ్గించింది.

"ఒద్దండి. బండి టైమయిందండి" అన్నాడతను. "ఎల్లొత్తానండి."

మూడు సార్లు అండి అన్నాడు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ పులుసు మెచ్చుకుంటూ తిన్నారు, ఝాన్సీ మాత్రం తలనొప్పని పడుకుంది.

మళ్ళీ పాలెం వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళకపోతే వ్యాసం లేదు. వాళ్ళు తిడతారని, తరిమేస్తారని, ఇక ఒక్క ముక్కా చెప్పరని రైల్లో ఒకటే గుబులు. తిడితే పడదామని, కాళ్ళు పట్టుకుందామని కూడా అనుకుంది.

ఎవరూ తిట్టలేదు. పేరమ్మ కుర్చీ ఒకటి అడిగి తెచ్చి వేపచెట్టు నీడలో వేసింది. అన్నాళ్ళూ చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి.

"కూచోండమ్మగారూ. ఏం రాసుకోవాలో అడగండి."

"పిన్నీ."

"చెప్పండమ్మగారూ."

"నన్ను తిట్టు పిన్నీ. నాలుగు తిట్లు తిట్టు."

"మిమ్మల్ని తిట్టటానికి మేమెవరమండి" అంది పేరమ్మ. గొంతులో కోపం లేదు. వెతికినా దొరకలేదు.

ఆ రోజు ఝాన్సీ ఏది అడిగితే అది చెప్పారు. ఇంటింటివాళ్ళూ పిలవకుండానే వచ్చి వరసగా నిలబడి చెప్పారు. అవునండి, కాదండి, మా మేనత్తేనండి, ఆయన పోయారండి. మొగుడి పేరు చెప్పాల్సి వస్తే పక్కావిడ అందించింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మాట దాటెయ్యలేదు. నెలల తరబడి పూరించలేని ఖాళీలన్నీ పొద్దు వాలేలోగా నిండిపోయాయి. వీరాంజనేయులు కూడా వచ్చి చేతులు కట్టుకుని తన వంతు చెప్పాడు. "అక్కచెల్లెళ్ళు ఎంతమంది?" అని అడగాల్సి వచ్చినప్పుడు ఝాన్సీ తలెత్తలేదు.

"మాణిక్యం ఒక్కతేనండి" అన్నాడు.

ఆమె అలాగే రాసుకుంది.

జూలైలో వ్యాసం ఇచ్చింది. వెంకట్రామయ్య సారు చదివి, ఇంత నిండుగా ఇంతవరకూ ఎవరూ రాయలేదని సంతకం పెట్టారు. ఆ తర్వాత యూనివర్సిటీలో మౌఖిక పరీక్ష. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, మంచివాడు. కాగితాలు తిప్పుతూ చాలాసేపు మెచ్చుకున్నాడు.

"ఇలాంటి చోట మనుషులు అంత తేలిగ్గా చెప్పరమ్మా. వాళ్ళు మిమ్మల్ని ఏ వరసతో పిలిచేవారు?"

"ఇప్పుడు ఏ వరసా లేదండి. అమ్మగారూ అంటారు."

"చాలా మంచిది. ఈ దూరమే పరిశోధనకు ప్రాణం. మా దగ్గర పదేళ్ళు పనిచేసినవాళ్ళకు కూడా చేతకాదు. మీరెలా సాధించారు?"

"మా ఇంటి వసారాలో సాధించానండి" అంది ఝాన్సీ.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. అన్న అని తనే పేరు పెట్టిన మనిషి ఆడపడుచు వాటా మోసుకొస్తే, నలుగురి ముందు చేపలతను అన్నానని, అప్పటినుంచి పాలెమంతా తనను అండీ అంటోందని, అందుకే అన్ని జవాబులూ వచ్చాయని దాపరికం లేకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ వెంకట్రామయ్య సారు బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

పెద్దాయన వ్యాసం మళ్ళీ ఒకసారి తిరగేశాడు. "ఇదంతా ఇందులో లేదే?"

"లేదండి."

"అక్కర్లేదులే. అది మీ సొంత విషయమమ్మా, దీనికి సంబంధం లేదు" అని కలం తెరిచి మొదటి తరగతి అని రాసి సంతకం చేశాడు. బి.ఏ., ఎం.ఏ. రెండూ ఒకేసారి వచ్చేశాయి.

ఝాన్సీ ఆ సంతకం చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దాయన మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపి, సంతోషం పట్టలేకపోతోంది పాపం, అన్నాడు.